వృత్తి: కూలీ, వ్యాధి: క్షయ

మా నాయన 2013లో చనిపోయాడు. పన్నెండేళ్లకు, ఇంటి పైకప్పు మార్పిస్తున్నప్పుడు, అటక మీది ఇనుప పెట్టెలో ఆయన దవాఖానా కాగితాలు దొరికాయి. మూడు విడతల క్షయ చికిత్స కార్డులు, రెండు ఎక్స్‌రే ఫిలింలు, ఆరు కళ్లె పరీక్ష చీటీలు ఉన్నాయి. ఆరు చీటీల్లో అయిదింటి మీద క్షయ క్రిములు కనిపించలేదనే రాసి ఉంది. అయినా మూడుసార్లూ క్షయకే మందులిచ్చారు. కార్డు మీద పేరు, వయసు, ఊరు, బరువు వరుసగా నింపారు. వృత్తి అన్న చోట మాత్రం మూడు కార్డుల్లోనూ ఒకే మాట: కూలీ.

ఆ మాట అబద్ధమని అనలేను. రోజు కూలికే పోయేవాడు. కానీ ఆయన పోయింది తాండూరు పట్టణ శివారులోని నాపరాతి పాలిషింగ్ యూనిట్‌కు. ఇరవై ఒక్క సంవత్సరాలు అక్కడే బండల అంచులు కోసి, ముఖం నునుపు చేశాడు. ఆ ఇరవై ఒక్క సంవత్సరాలను ‘కూలీ’ అన్న మాట మింగేసింది. ఏ దవాఖానా, ఏ డాక్టరు అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆ గడిని అలా నింపడం ఏ ఒక్కరి తప్పూ కాదు. అలా నింపితే చాలునని మనమందరం ఒప్పుకున్న పద్ధతి అది. ఆ పద్ధతికి కులం ఉందన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది.

మా నాయనది సిలికోసిస్ అని నేనివాళ నిరూపించలేను. ఎక్స్‌రే ఫిలింలు ఒకదానికొకటి అతుక్కుపోయి పాడైపోయాయి. ఆయన పీల్చిన గాలిలో దుమ్మెంతో ఎవరూ కొలవలేదు. ఏ రిజిస్టరులోనూ ఆయన పేరు లేదు. ఇది ఒక్క ఇంటి దురదృష్టమైతే పత్రికలో రాయవలసిన పని లేదు. నిరూపించే దారులన్నీ ముందే మూసిపెట్టిన ఏర్పాటు ఒకటి ఉంది. దాని గురించి రాయాలి.

దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది?

తాండూరు నాపరాయిని బయటి ఊళ్లలో షాబాదు బండ అంటారు. కాగ్నా నదికి అటూ ఇటూ, కలబురగి జిల్లాలోని షాబాదు దాకా పరచుకున్న సున్నపురాతి పొరలివి. ఈ రాయి భూమిలో పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా ఉంటుంది. మందుగుండు పేలిస్తే పలక పగిలిపోయి విలువ పోతుంది. కాబట్టి గునపం, ఉలి, సుత్తెలతో పొరను నేర్పుగా లేపాలి. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాయి. నేర్పు తగ్గింది, దుమ్ము పెరిగింది. గని నుంచి వచ్చిన బండను యూనిట్‌లో అంచులు కోసి, కార్బోరండం రాళ్లతో అరగదీసి నునుపు చేస్తారు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలావరకు అణుగుతుంది. ఎండాకాలం ట్యాంకు ఎండినప్పుడు, ఆర్డరు తొందరలో ఉన్నప్పుడు, నీళ్లు ఆగినా యంత్రం ఆగదు. నీళ్లు పోసినప్పుడు కారిన తెల్లని బురద యూనిట్ పక్కనే కుప్పపడి, ఎండి, గాలికి పిండిలా లేస్తుంది. మా నాయన ముఖానికి తువ్వాల కట్టుకునేవాడు. ఊపిరితిత్తుల లోతుకు చేరే రేణువు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. దానికి తువ్వాల నేత పెద్ద దర్వాజా.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ ఆ బట్టలను బండకేసి ఉతికేది. ఉతకడానికి ముందు దులిపేది. మేము పక్కనే ఆడుకునేవాళ్లం.

రాతిలోని స్ఫటిక సిలికా రేణువు ఊపిరితిత్తుల అడుగుకు చేరినప్పుడు, శరీరపు కాపలా కణాలు దాన్ని మింగడానికి వస్తాయి. మింగిన కణమే చస్తుంది. రేణువు బయటపడి మరో కణాన్ని చంపుతుంది. ఇలా చచ్చిన చోటల్లా మచ్చ కడుతుంది. మచ్చలు కలిసి గట్టిపడతాయి. పని మానేసినా ఈ ప్రక్రియ ఆగకపోవచ్చు. ఒకసారి గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. క్షయ క్రిమిని ఎదుర్కోవలసినవి కూడా ఆ కాపలా కణాలే. అందువల్ల సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం మామూలు మనిషి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రెండు జబ్బులూ ఒకే ఛాతీలో ఉండవచ్చు. రెంటికీ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉమ్మడి లక్షణాలు. ఎక్స్‌రేలో మచ్చలూ ఒకదాన్ని పోలి మరొకటి ఉంటాయి. తేడా పట్టడానికి డాక్టరుకు మొదట కావలసింది ఒక ప్రశ్న: నువ్వేం పని చేస్తావు, ఎన్నేళ్లుగా చేస్తున్నావు?

ఇది కొత్తగా కనిపెట్టవలసిన ప్రశ్న కాదు. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జినీ 1700లో వృత్తి వ్యాధుల మీద గ్రంథం ప్రచురించాడు. రోగిని అడగవలసిన ప్రశ్నలలో వృత్తిని కూడా చేర్చాలన్నాడు. రాళ్లు చెక్కేవారి ఊపిరితిత్తుల గురించీ రాశాడు. మూడు శతాబ్దాలు దాటినా ఆ ప్రశ్న మా నాయన కార్డు దాకా రాలేదు.

‘ఇది సున్నపురాయి, సిలికా తక్కువ, భయం లేదు’ అని యజమానులు అంటుంటారు. సున్నపురాయిలో సిలికా పాలు రాతి రాతికి, పొర పొరకు మారుతుంది. ఎంత ఉందో చెప్పవలసింది కొలత. ఆ కొలత తీయించడం కూలీ పని కాదు. పైగా సిలికా తక్కువైన దుమ్మును కూడా ఇరవై ఏళ్లు పీలిస్తే శ్వాసనాళాలు దెబ్బతింటాయి. కొలవకుండా ‘తక్కువే’ అని చెప్పగల ధైర్యం, ఆ దుమ్ము పీల్చేది తమవారు కాదన్న నమ్మకం నుంచే వస్తుంది.

పేరు మారితే బాధ్యత మారుతుంది

క్షయ అని రాస్తే కారణం క్రిమి. అప్పుడు ప్రభుత్వం మందులిస్తుంది, నెలనెలా పోషకాహారానికి కొంత డబ్బు వేస్తుంది. రోగి పేరు నిక్షయ్ పోర్టల్‌లో నమోదవుతుంది. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా క్షయ కేసులను తెలియజేయక తప్పదు. ఇవన్నీ మంచివే, నిలబెట్టుకోవలసినవే. అయితే క్రిమి మీద ఎవరూ దావా వేయలేరు.

సిలికోసిస్ అని రాస్తే కారణం పనిచోటు. అప్పుడు యజమాని ఎవరు, దుమ్ము కొలిచారా, నీళ్లు పోశారా, ఏటా ఛాతీ పరీక్ష చేయించారా అన్న ప్రశ్నలు వరుసగా లేస్తాయి. 1923 నాటి పరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో ఖనిజ ధూళి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులుండేవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది, ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే జబ్బు కూడా ఉండేది. అలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి రాతపూర్వకంగా తెలపాలని అదే చట్టం 89వ సెక్షన్ నిర్దేశించింది. క్షయను తెలపాలన్న నిబంధన కంటే ఇది ఆరు దశాబ్దాలు పాతది. క్షయ లెక్క కోసం పోర్టల్, లక్ష్యాలు, సమీక్షలు ఉన్నాయి. దుమ్ము జబ్బు లెక్క కోసం ఒక గడిలో నాలుగు మాటలు రాసే అలవాటు కూడా లేదు.

మా నాయనతో ఒకరన్నారట: ‘తాగుడు మానెయ్, తగ్గుతుంది’. ఆయన తాగేవాడు కాదు. మాదిగవాడ నుంచి వచ్చిన దగ్గుకు కారణం అలవాట్లలోనే వెతకాలన్న నిశ్చయం, పరీక్ష గదిలోకి రోగి కంటే ముందే వచ్చి కూర్చుంటుంది. క్షయ, తాగుడు, అపరిశుభ్రత అన్న మూడు మాటలు ఒక వాడ పేరుకు ఎంత సులువుగా అతుక్కుంటాయో మా వాళ్లకు తెలుసు. యంత్రం, దుమ్ము, యజమాని అన్న మూడు మాటలు మాత్రం ఆ గదిలోకి రావు.

అనంతగిరి గాలి

వికారాబాద్ జిల్లాకు, ఊపిరితిత్తులకు పాత బంధం ఉంది. వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల మీద, మంచి గాలి దొరుకుతుందన్న కారణంతో, నిజాం పాలన చివరి కాలంలో క్షయ శానిటోరియం నెలకొల్పారు. మందులు లేని రోజుల్లో గాలి, ఎండ, విశ్రాంతి, తిండి ఇవే వైద్యం. మూసీ నది పుట్టేది ఆ కొండల్లోనే. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే రైలు మార్గం 1874లో పడింది. ఆ పట్టాల మీద వికారాబాద్ తర్వాత వచ్చే పెద్ద స్టేషన్ తాండూరు. ఒకే రైలు దారిలో ఒక చోట ఊపిరి పీల్చుకోవడానికి కొండ, మరో చోట ఊపిరిని పూడ్చే దుమ్ము. హైదరాబాద్ నుంచి వారాంతాల్లో కార్లలో అనంతగిరికి వచ్చేవారు ఇప్పటికీ ఆ గాలి కోసమే వస్తారు. ఆ కార్లు నిలిపే ఇళ్ల వాకిళ్లలో మా నాయన లాంటివారు నునుపు చేసిన బండలున్నాయి.

2023లో వికారాబాద్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. పక్కనే నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న జిల్లాలో చదువుకునే వైద్య విద్యార్థికి వృత్తి వ్యాధి పాఠం పుస్తకంలోనే ఆగిపోకూడదు. కరన్‌కోటలోని ప్రభుత్వ రంగ సిమెంటు కర్మాగారం నుంచి ప్రైవేటు సిమెంటు కర్మాగారాల వరకు, వందల సంఖ్యలో ఉన్న చిన్న పాలిషింగ్ యూనిట్ల వరకు, ఆ పాఠానికి ఉదాహరణలు జిల్లా నిండా ఉన్నాయి.

ఆరు మీటర్ల చట్టం

మరి చట్టం ఏం చేస్తోంది? 1952 నాటి గనుల చట్టం మూడో సెక్షన్ చదవాలి. ఇంటి రాయి, సున్నపురాయి, పలకరాయి, కంకర లాంటివి తీసే గనులకు అందులో ఒక మినహాయింపు ఉండేది. తవ్వకం లోతు ఎక్కడా ఆరు మీటర్లు దాటకుండా, ఒక రోజున పనిచేసేవారు యాభై మందికి మించకుండా, మందుగుండు వాడకుండా ఉంటే, చట్టంలోని ఎక్కువ నిబంధనలు ఆ గనికి వర్తించేవి కావు. నాపరాతి గనిని తలచుకుని ఈ మూడు షరతులూ మళ్లీ చదవండి. పలక పగులుతుందని మందుగుండు ఎలాగూ వాడరు. మనుషులను గుత్తేదార్ల కింద ముఠాలుగా పంచితే యాభై దాటరు. లోతు పెరిగేసరికి పక్క గుంటకు జరుగుతారు. దుమ్ముకు మాత్రం ఆరు మీటర్లు, యాభై మంది అన్న లెక్క తెలియదు.

పాలిషింగ్ యూనిట్ల సంగతీ అంతే. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అని 1948 చట్టం అన్నది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ సంఖ్య ఇరవైకి పెరిగింది. పన్నెండు, పదిహేను మందితో నడిచే షెడ్డు నిన్నటిదాకా కనీసం కాగితం మీద ఫ్యాక్టరీ. ఇప్పుడు ఆ నిర్వచనం బయట నిలబడింది. మినహాయింపులన్నీ చిన్న యజమాని కోసమని చెబుతారు. ఎంత చిన్న యజమాని దగ్గరైనా కూలీ ఊపిరితిత్తి మామూలు కొలతలోనే ఉంటుంది.

రాతినార చెప్పిన పాఠం

దుమ్ము జబ్బుల చరిత్రలో ఆస్‌బెస్టాస్ అందరికీ తెలిసిన పేరు. మన భాషలో అది రాతినార. ఒకప్పుడు పులివెందుల ప్రాంతంలో గనుల నుంచి తీసేవారు. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు చుట్టే పూతల్లో, తాళ్లలో, గాస్కెట్లలో దశాబ్దాల పాటు వాడారు. మరమ్మతుల కాలంలో ఆ పాత పూతను గీకి తీసేది ఎక్కువగా కాంట్రాక్టు మనుషులు. ఆ నార పీల్చిన మనిషికి క్యాన్సర్ బయటపడడానికి ఇరవై నుంచి యాభై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి కాంట్రాక్టరు మారతాడు, కంపెనీ పేరు మారుతుంది, మనిషి ఊరికి వెళ్లిపోతాడు. ప్రపంచంలో అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దేశంలో దిగుమతి కొనసాగుతోంది. అది కలిసిన సిమెంటు రేకులే నేటికీ దళితవాడల పైకప్పులు. నేను మార్పించిన మా ఇంటి పైకప్పూ అదే.

ఆ రాతినార కార్మికుల పక్షాన సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఒక చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాత ముగిస్తే అప్పటిదాకా దాచాలని ఆదేశించింది. జబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టి కాగితం మనిషి కంటే ఎక్కువ కాలం బతకాలన్న గ్రహింపు అది. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన దళితుడు. రెండేళ్ల తర్వాత, 1997లో, ఆదివాసీ ప్రాంతాల గనుల లీజులపై సమత తీర్పు రాసిందీ ఆయనే. సమత తీర్పును మన ఉద్యమాలు గుండెకు హత్తుకున్నాయి. రాతినార తీర్పును మాత్రం కార్మిక సంఘాల న్యాయవాదులకు వదిలేశాం. అది కులం సంగతి కాదనుకున్నాం. కుల సమస్యల మీద మాట్లాడే మా తరం చేసిన పొరపాటు అది. అందులో నాకూ వాటా ఉంది.

విద్యుత్ కేంద్రాల కార్మికుల ఆరోగ్యం మీద వేసిన మరో కేసులో సుప్రీంకోర్టు 2014 జనవరి 31న తీర్పునిచ్చింది. దేశంలోని సుమారు 130 బొగ్గు విద్యుత్ కేంద్రాల పరిస్థితులను ఆయా రాష్ట్రాల హైకోర్టులే పరిశీలించాలని చెప్పింది. పెద్ద కేంద్రాలకు గేటు ఉంది, సంఘం ఉంది, కోర్టుకు వెళ్లే దారి ఉంది. అక్కడ కూడా బూడిద ఎత్తేవారిని, పూత గీకేవారిని కాంట్రాక్టు కింద పెట్టి రికార్డుకు దూరంగా ఉంచుతారు. శాశ్వత ఉద్యోగంలో రిజర్వేషన్ రోస్టరు ఉంటుంది. బూడిద గుంట దగ్గర ఏ రోస్టరూ ఉండదు. రోస్టరు పాయింటు లేకుండానే మనకు దక్కే కొలువు దుమ్ములోనే ఉంది. తాండూరు షెడ్డుకు ఆ గేటు కూడా లేదు.

జాబితా మారుతుంది, దుమ్ము మారదు

తాండూరు 1956 దాకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రాల పునర్విభజనలో ఇటు వచ్చింది. పెళ్లి సంబంధాలు, పనులు, సంతలు నేటికీ ఎల్లకు అటూ ఇటూ సాగుతాయి. రాయి కొట్టడం కులవృత్తిగా మోసుకొచ్చిన వడ్డెరలు తెలంగాణలో బీసీ ఏ గ్రూపు. కొద్ది మైళ్ల అవతల, సేడం వైపు, అదే కులం భోవి పేరుతో షెడ్యూల్డు కులం. లంబాడీలు ఇక్కడ షెడ్యూల్డు తెగ, అక్కడ షెడ్యూల్డు కులం. ఒకే షెడ్డులో ఒకే యంత్రానికి రెండు వైపులా నిలబడిన ఇద్దరు బంధువులకు రెండు రకాల ధ్రువపత్రాలు ఉండవచ్చు. వారి మధ్య మాదిగ, మాల, ముస్లిం కూలీలుంటారు. ఈ మధ్య బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవారూ ఉంటున్నారు. ఏ ప్రభుత్వ జాబితా వీరందరినీ ఒక చోట చేర్చలేదు. దుమ్ము చేర్చింది.

కులం శ్రమను మాత్రమే పంచే వ్యవస్థ కాదని, శ్రమించే మనుషులనే మెట్లుగా విడగొట్టే వ్యవస్థ అని అంబేడ్కర్ 1936లోనే విడమరచి చూపాడు. తాండూరులో ఆ మెట్లు కంటికి కనిపిస్తాయి. లీజు కాగితం ఒకరిది, షెడ్డు ఒకరిది, లారీ ఒకరిది, లెక్క పుస్తకం ఒకరిది. వీరిలో ఎవరికీ ముఖానికి తువ్వాల కట్టుకునే అవసరం లేదు. యంత్రం దగ్గరికి వచ్చేసరికి కులాల పేర్లు మారిపోతాయి. పని ప్రమాదకరమైన కొద్దీ మెట్టు దిగుతుంది. ఆడవాళ్లు బురద ఎత్తుతారు, ముక్కలు ఏరుతారు. వారి పేరు కూలీ లెక్కలో కూడా తరచుగా భర్త పేరు కిందే ఉంటుంది.

మనమిప్పుడు లెక్కల కాలంలో ఉన్నాం. 2024 చివర్లో రాష్ట్రంలో ఇంటింటి కుల సర్వే జరిగింది. 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ చట్టం అమలవుతోంది. ఒకటి, తొమ్మిది, అయిదు శాతాలుగా ఉద్యోగాల వాటా తేలింది. ఈ వాటాల కోసం మూడు దశాబ్దాలు కొట్లాడిన జాతికి లెక్క విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. కొలువుల్లో వాటా లెక్క తీసినట్టే, రోగాల్లో వాటా లెక్కా తీయాలని అడగవలసినవారం మనమే. సిలికోసిస్ ఎవరికి వస్తోంది, ఏ కులంలో ఎందరికి, ఏ వయసులో అన్న పట్టిక ఒక్కసారి బయటికొస్తే, కులవృత్తుల గొప్పతనం మీద జరిగే సభల్లో మాట్లాడేవారి గొంతు కొంచెం తగ్గుతుంది.

అడగవలసినవి

అసాధ్యమైనవేవీ అడగడం లేదు. రాజస్థాన్ ప్రభుత్వం 2019లోనే ధూళి వ్యాధుల విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణ అయిన కార్మికుడికి 3 లక్షల రూపాయలు, మరణిస్తే కుటుంబానికి మరో 2 లక్షలు, నెలవారీ పింఛను ఇచ్చే ఏర్పాటు చేసింది. యజమాని ఎవరో రుజువు చేసే భారం కూలీ మీద వేయకుండా, పనిచేసిన చరిత్రను, ఎక్స్‌రేను చూసి నిర్ధారించే బోర్డులు పెట్టింది. గుజరాత్ పలుగురాయి పిండి కర్మాగారాల్లో పనిచేసి, సొంత ఊళ్లకు తిరిగి వెళ్లి మరణించిన మధ్యప్రదేశ్ ఆదివాసీ కూలీలు 238 మంది. వారి కుటుంబాలకు తలా 3 లక్షలు చెల్లించాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2010లో సిఫార్సు చేసింది. 2016లో సుప్రీంకోర్టు ఆ చెల్లింపుకు ఆదేశమిచ్చింది. ఆ కూలీల దగ్గరా నియామక పత్రాలు లేవు. వారి వెంట నిలబడి ఊరూరా పేర్లు రాసినవారు ఉన్నారు.

తెలంగాణకూ అటువంటి విధానం కావాలి. దాని మొదటి అడుగు వికారాబాద్ జిల్లాలో పడాలి. జిల్లాలో క్షయ చికిత్సకు వచ్చే ప్రతి ఒక్కరినీ ఏం పని, ఎక్కడ, ఎన్నేళ్లు అని అడిగి రాయాలి. రాతి పనిలో, సిమెంటు పనిలో ఉన్నవారికి ఏటా ఛాతీ ఎక్స్‌రే తీసి, దాన్ని వృత్తి వ్యాధి తెలిసిన డాక్టరు చదవాలి. గనుల రాబడి నుంచి జిల్లా ఖనిజ నిధి ట్రస్టులు 2015 చట్ట సవరణతో ఏర్పడ్డాయి. గనుల వల్ల వచ్చే జబ్బులకు ప్రత్యేక వసతులు కల్పించవచ్చని ఆ నిధి మార్గదర్శకాల్లోనే ఉంది. రోడ్లకు, భవనాలకు దొరికే ఆ డబ్బు ఊపిరితిత్తుల పరీక్షకు ఎందుకు దొరకదో జిల్లా ప్రజా ప్రతినిధులను విద్యార్థి సంఘాలు అడగాలి. షెడ్డులో ఇరవై మంది ఉన్నా పన్నెండు మంది ఉన్నా, నీళ్లు పోయకుండా రాయి కోయరాదన్న నిబంధన అందరికీ ఒకటే కావాలి.

ఒక అభ్యంతరం వస్తుంది. ఇవన్నీ అడిగితే యూనిట్లు మూతపడి కూలీల నోటి దగ్గరి కూడు పోతుందంటారు. ఆ భయం నిజమైనదే. నాకు అది పుస్తకాల్లో తెలిసింది కాదు. మా పెద్దనాయన కొడుకు ఇప్పుడు పాలిషింగ్ పనిలోనే ఉన్నాడు. పదహారేళ్లయింది. రెండు నెలలుగా దగ్గుతున్నాడు. పరీక్షకు పోదామంటే అన్నాడు: “పేరు రాయించుకుంటే రేపటి సంది పనికి రావద్దంటరు అన్నా. దగ్గయితే ఓర్సుకుంట. పని పోతే పిల్లలేం తింటరు?” దీనికి ఉపన్యాసం జవాబు కాదు. జబ్బు పేరు బయటపెట్టిన కూలీకి పని పోకుండా, పని చేయలేనివాడికి పింఛను ఆగకుండా చూస్తేనే వాడు ఎక్స్‌రే యంత్రం ముందు నిలబడతాడు. అందుకే పరిహారం, పింఛను పరీక్షతో పాటే రావాలి. తర్వాత చూద్దామంటే పరీక్షకు ఎవరూ రారు.

చివరికి వాడు వచ్చాడు. ఒక ప్రభుత్వ దవాఖానాకు తోడుగా వెళ్లాను. చీటీ రాసే అమ్మాయి పేరు, వయసు, ఊరు అడిగి, వృత్తి దగ్గర తలెత్తకుండానే ‘కూలీ’ అని రాయబోయింది. “అమ్మా, నాపరాతి పాలిషింగ్, పదహారేళ్లు అని రాయండి” అన్నాను. ఆమె నన్నొకసారి, వాణ్నొకసారి చూసింది. “గడి చిన్నగుంది సార్, పట్టదు” అంది. చెడ్డ మనిషి కాదు. కాసేపు ఆలోచించి, గడి పక్కన అంచులో, సన్నటి అక్షరాలతో, ఆ మాటలన్నీ రాసింది.

కళ్లె పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. ఎక్స్‌రే తీశారు. ఆ చీటీకి ఫోటో తీసి దాచుకున్నాను. మా ఇంట్లో మూడు తరాల రాతి పనికి మొదటి లిఖిత సాక్ష్యం, ఒక కాగితం అంచు మీద, అదే.